‘నార్మలే’ అన్న మాటను కాగితం మీద రాసివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సునాబేడలో స్థిరపడిన తెలుగువాణ్ణి. మిగ్ విమానాల ఇంజన్లు తయారుచేసే ఇక్కడి కర్మాగారంలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. వచ్చిన సొమ్ములో కొంత పెట్టి, మనవలతో సహా అందరం ఒకే బండిలో వెళ్లవచ్చునన్న ఆశతో 2023 అక్టోబరులో విశాఖపట్నంలో ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ ఒకటి కొన్నాను. తాత్కాలిక నంబరుతో ఘాట్ ఎక్కించి, కొరాపుట్‌లో ఓడీ 10 నంబరు వేయించుకున్నాను. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. మా పరిసరాల్లో వేరే కంపెనీల బండ్లు కొన్నవారు కూడా బండి అదురుతోందని, సర్వీసు సెంటరువారు పట్టించుకోవడం లేదని ఇదే గోడు చెప్పుకుంటున్నారు కాబట్టి, పేరు రాస్తే అసలు విషయం పక్కకు పోతుంది.

బండి గంటకు 78 కిలోమీటర్ల వేగం అందుకోగానే కాళ్ల కింద నేల సన్నగా అదరడం మొదలవుతుంది. 88 దగ్గర ఆ అదురు పతాకస్థాయికి చేరి, 96 దాటాక తగ్గుతుంది. ఆ మధ్యలో లోపలి అద్దంలో వెనక వచ్చే లారీ నంబరు చదవలేము, గ్లాసులో నీళ్ల మీద వలయాలు లేస్తాయి. మా చిన్న మనవడు వెనక సీటుకు గడ్డం ఆనించి ‘ఆ’ అంటూ రాగం తీసి, గొంతు వణుకుతుంటే పడిపడి నవ్వుతాడు. వాడికది ఆట. నడుము నొప్పి ఉన్న మా ఇంటావిడకు మాత్రం సాలూరు నుంచి విజయనగరం దాకా అది శిక్ష.

ఇప్పటికి నాలుగుసార్లు సునికి ఘాట్ దిగి, సాలూరు, రామభద్రపురం, గజపతినగరం మీదుగా విశాఖ వెళ్లి సర్వీసు సెంటరులో చూపించాను. మొదటిసారి చక్రాలకు బ్యాలెన్సింగ్ చేశారు. రెండోసారి టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చారు. మూడోసారి ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్ ఒకటి కొత్తది వేశారు. నాలుగోసారి, ఇక మార్చడానికి ఏమీ తోచక కాబోలు, అదే మోడల్ కొత్త బండిలో నన్ను ఎక్కించి తిప్పి, “ఇందులోనూ ఉంది కదా సార్, ఇది నార్మలే, ఈ మోడల్ స్వభావమే అంత” అన్నారు. రెండు బండ్లలో ఉన్నంత మాత్రాన లోపం స్వభావం ఎలా అవుతుందో నాకు బోధపడలేదు. మధ్యలో ఒకసారి జయపురంలో చూపిస్తే, కొన్న చోటే చూపించమని పంపేశారు.

ఇంజన్లు విప్పి బిగించడమే బతుకుగా గడిపినవాణ్ణి కనుక, నేనే కొంత పరీక్ష చేసి చూశాను. 88 వేగం దగ్గర నాలుగో గేరులో నడిపినా, అయిదులో నడిపినా, ఆరులో నడిపినా అదురు ఒక్కలాగే ఉంది. ఇంజన్‌లో లోపం ఉంటే గేరుతో పాటు ఇంజన్ తిరిగే వేగం మారుతుంది కాబట్టి అదురూ మారాలి. అంటే తప్పు గేర్ బాక్సు వెనక ఉంది. ఇక మిగిలినవి చక్రాలు, వెనక ఇరుసుకు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు. నా బండి టైరు చుట్టుకొలత ఇంచుమించు 2.3 మీటర్లు. 88 వేగంలో చక్రం సెకనుకు పదిన్నర సార్లు తిరుగుతుంది. వెనక ఇరుసు మధ్యనున్న పళ్లచక్రాల పెట్టె (డిఫరెన్షియల్) నిష్పత్తి నాలుగు పైచిలుకు, అంటే చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్టు నాలుగుసార్లకు పైగా తిరగాలి కాబట్టి, అదే సెకనులో షాఫ్టు 43 సార్ల దాకా తిరుగుతుంది. మా అబ్బాయి తన ఫోనులో కంపనాలను కొలిచే యాప్ పెట్టి సీటు పట్టా మీద ఉంచితే, అది చూపించిన అంకె కూడా 43. తిరిగే వస్తువులో బరువు కొద్ది గ్రాములు ఒక పక్కకు ఒరిగినా, వేగం రెట్టింపైతే దాని తాకిడి నాలుగు రెట్లవుతుంది. బండి శరీరపు సహజ కంపనంతో అది శ్రుతి కలిసిన చోట మనకు బయటపడుతుంది. తర్వాత సాలూరులో ఒక పాత లారీ మేస్త్రీకి చూపించాను. లారీల ఊరి మేస్త్రీ కదా, లెక్కలేవీ వేయకుండా పక్క సీట్లో కూర్చుని, అరచెయ్యి నేల మీద పెట్టి, “ఇంజనుది కాదు బాబూ, షాఫ్టే కొట్టుకుంతంది” అన్నాడు. అయితే వారంటీ పోతుందన్న భయంతో అతనిచేత షాఫ్టు విప్పించలేకపోయాను.

సర్వీసు సెంటరులో పనిచేసే కుర్రాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లు బండిని తిప్పి చూసేది నగరంలో. అక్కడ వేగం 50 దాటదు, అదురు కనబడదు. మరో చిక్కు భాషది. స్టీరింగ్ ఊగితే అనుమానం ముందు చక్రాల మీదకు పోతుంది. నేల, సీటు అదిరితే షాఫ్టునో వెనక చక్రాలనో చూడాలి. మొదటి గేరులో బండి కదిలేటప్పుడు కుదిపితే అది సాధారణంగా క్లచ్. ఆగి ఉన్నప్పుడు ఒళ్లంతా వణికితే మౌంటింగులు. ఊగుడు, అదురు, కుదుపు, వణుకు అని మనం నాలుగు మాటల్లో విడమరిచి చెప్పినదంతా సర్వీసు సెంటరువారు మన ఫిర్యాదు రాసుకునే జాబ్ కార్డులోకి ఎక్కేసరికి ‘వైబ్రేషన్’ అనే ఒక్క మాట అయిపోతుంది. దాని పక్కన ‘చెక్డ్, ఓకే’ అని పడుతుంది. నా నాలుగు కార్డుల్లోనూ ఉన్నది ఇంతే. వేగం లేదు, గేరు లేదు, కొలిచిన అంకె లేదు.

ఆ కార్డే రేపు మనకున్న ఏకైక సాక్ష్యం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్న ఊళ్లోనే కాకుండా మనం నివసించే జిల్లాలోనూ వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. సరిహద్దు జిల్లాల వారికి ఇది పెద్ద ఊరట. అవసరమైతే కమిషన్ వస్తువును ప్రయోగశాల పరీక్షకు పంపగలదు. అయితే వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన పరిస్థితి, ఏర్పడిన రెండేళ్లలోపు వెళ్లాలి. “మళ్లీ రండి, చూద్దాం” అనే మాటల్లో ఆ రెండేళ్లూ కరిగిపోతాయి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారం కేంద్రానికి వచ్చింది గాని, అది పర్యావరణానికి, ప్రయాణికులకు, దారిన పోయేవారికి హాని కలిగించే లోపాలకే పరిమితం. అదురు అనేది సుఖానికి సంబంధించిన సంగతి అంటూ కంపెనీ తప్పించుకోగలదు. నిజానికి అదే అదురు ఏళ్ల తరబడి సాగితే షాఫ్టును మధ్యలో మోసే సెంటర్ బేరింగు, షాఫ్టు డిఫరెన్షియల్‌లోకి చేరే చోట నూనె కారకుండా ఆపే ఆయిల్ సీలు ముందే అరిగిపోతాయి. అప్పటికి వారంటీ ముగిసి, బిల్లు మన పేర వస్తుంది.

నేను కోరేది కొత్త బండి కాదు. యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని, లోపం కనబడే వేగంలో హైవే మీద నడిపి, కంపనం ఎంత ఉందో పరికరంతో కొలిచి, ఆ అంకెను, కంపెనీ ఒప్పుకునే పరిమితిని జాబ్ కార్డులో పక్కపక్కన రాయాలి. ‘నార్మలే’ అనదలచుకుంటే ఆ మాటనూ సంతకంతో రాయాలి. రవాణా శాఖ, వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ ఒక్కటి తప్పనిసరి చేస్తే, కొరాపుట్ నుంచో రాయగడ నుంచో వచ్చేవాడు ఒకే లోపానికి నాలుగుసార్లు డీజిలు, లాడ్జి ఖర్చు భరించనవసరం ఉండదు.

నా మూడేళ్ల వారంటీకి ఇంకా ఏడు వారాలు ఉన్నాయి. వచ్చే సోమవారం అయిదోసారి ఘాట్ దిగుతున్నాను. వేగం, గేరు, 43 అన్న అంకె ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. అవి జాబ్ కార్డులోకి ఎక్కేదాకా తాళం చెవి ఇవ్వను, సంతకం పెట్టను.

ఇట్లు
ఒక పాఠకుడు,
సునాబేడ, కొరాపుట్ జిల్లా, ఒడిశా