నొప్పి సూది వేసే ముందు ఒక్క ప్రశ్న అడిగించండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది జగిత్యాల జిల్లా. కొన్నేళ్లుగా నాకు క్రోన్స్ వ్యాధి ఉంది. దీన్నీ, అల్సరేటివ్ కొలైటిస్‌నీ కలిపి డాక్టర్లు ఐబీడీ, అంటే పేగులు వాచే దీర్ఘకాలిక జబ్బు అంటారు. చాలామంది దీన్ని ఐబీఎస్, అంటే పేగు పనితీరులో మాత్రమే తేడా వచ్చే ఇబ్బంది అనుకుని "టెన్షన్ తగ్గించుకోండి, గ్యాస్ అంతే" అని పంపేస్తారు. ఐబీఎస్‌లో పేగు చూడటానికి మామూలుగానే ఉంటుంది. మాకు పేగు గోడే వాస్తుంది, పుండ్లు పడతాయి, కొందరికి పేగు ఇరుకై దారి మూసుకుపోతుంది. పైగా మన దగ్గర పేగు టీబీ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది కాబట్టి, నాలాంటివాళ్లు చాలామంది ముందు నెలల తరబడి టీబీ మందులు మింగి, తగ్గలేదని తేలాకే అసలు జబ్బు పేరు వింటారు.

ఇది పట్నం జబ్బు, పిజ్జాలు తినేవాళ్ల జబ్బు అనే మాట ఇంకా వినిపిస్తోంది. హైదరాబాద్ ఏఐజీ ఆస్పత్రి డాక్టర్లు ఎండోస్కోపీ పరికరాలున్న వాహనంతో పల్లెలకే వెళ్లి పరీక్షలు చేశారు. పట్నంలో ఎంతో పల్లెలోనూ దాదాపు అంతే ఉందని 2023లో రాశారు. కాబట్టి మేం మీ జిల్లా ఆస్పత్రుల పేషెంట్లమే.

ఈ లేఖ ఖరీదైన మందుల గురించి కాదు. నొప్పి గురించి, పరీక్షల గురించి.

మా వైపు కడుపునొప్పి అంటే ముందు పడేది డైక్లోఫెనాక్ సూది. ఆర్‌ఎంపీ దగ్గరైనా అంతే, అర్ధరాత్రి క్యాజువాలిటీకి పోయినా చాలాసార్లు అంతే. మెడికల్ షాపులో అడిగితే అదే జాతి మాత్ర, ఎసిక్లోఫెనాక్ అనో ఐబుప్రొఫెన్ అనో ఇస్తారు. ఈ మందులు పేగు లోపలి పొరను దెబ్బతీస్తాయి, అణిగి ఉన్న జబ్బును తిరగబెట్టగలవు. పోనీ ఇంకో రకం నొప్పి మందు ట్రమడాల్ ఇస్తే పేగు కదలిక మందగిస్తుంది. పెద్దపేగు బాగా వాచి ఉన్నప్పుడు అలాంటి మందులతో పేగు ప్రమాదకరంగా ఉబ్బిపోవచ్చు. మాకు మిగిలేది పారాసెటమాల్. దాంతో సర్దుకోమని స్పెషలిస్టు చెప్తారు, సర్దుకుంటాం. అది పనిచేయని రాత్రి ఎవరిని అడగాలో మాత్రం ఎవరూ చెప్పరు.

పైగా మా నొప్పులన్నీ ఒకటి కావు. వాపు వల్ల వచ్చేది వేరు. పేగు సన్నబడి, కడుపు ఉబ్బి, వాంతులై వచ్చేది వేరు, దానికి వెంటనే సర్జన్ చూడాలి. జబ్బు అణిగాక కూడా పేగు నరాలు సున్నితమైపోయి మిగిలే నొప్పి ఇంకొకటి. కీళ్లనొప్పులు సరేసరి. నొప్పి అనగానే సూది వేస్తే వీటిలో ఏది ఏదో తేలేదెప్పుడు? ఆడవాళ్లమైతే ఇంకో తిప్పలు, "డేట్ దగ్గరపడిందామ్మా?" అని అడిగి ఇంటికి పంపేస్తారు.

అందుకే నా మొదటి విన్నపం చాలా చిన్నది. కడుపునొప్పితో వచ్చినవాళ్లకు డైక్లోఫెనాక్ వేసే ముందు "విరేచనంలో రక్తం పడుతోందా? పేగుల జబ్బేమైనా ఉందా?" అని అడగాలని పీహెచ్‌సీలకు, బస్తీ దవాఖానాలకు ఒక పేజీ సర్క్యులర్ పంపించండి. ఉందంటే ఏం ఇవ్వాలో, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే పెద్దాస్పత్రికి పంపాలో అదే పేజీలో రాయించండి.

ఇక పరీక్షలు. ప్రభుత్వ పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నస్టిక్స్ వచ్చాక సీబీపీ (రక్తకణాల పరీక్ష), ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ పరీక్ష) ఉచితంగా అవుతున్నాయి. మా జబ్బుకు ఇచ్చే అజాథయోప్రిన్ మాత్ర వాడేవాళ్లకు ఇవి ఎప్పటికప్పుడు చేయించాలి, తెల్లకణాలు పడిపోతే ప్రాణం మీదికొస్తుంది. ఆ విషయంలో ప్రభుత్వానికి మేం నిజంగా రుణపడి ఉన్నాం. కానీ పేగులో వాపు ఉందో లేదో మలం పరీక్షతోనే చెప్పగలిగే కాల్‌ప్రొటెక్టిన్ గురించి మా దగ్గర ప్రభుత్వాస్పత్రిలో అడిగితే, ఆ పేరే వినలేదన్నారు. ప్రైవేటు ల్యాబ్‌లో రెండు మూడు వేలు. ఆ డబ్బు లేక కొందరు నేరుగా కొలనోస్కోపీకి, అంటే గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకు పోవాల్సి వస్తోంది. ఇంకో సంగతి, ఆ నొప్పి సూదులూ మాత్రలూ వాడితే కాల్‌ప్రొటెక్టిన్ కూడా పెరిగి కనిపించవచ్చు. అంటే ఊళ్లో వేసిన సూది, హైదరాబాద్‌లో డాక్టర్ చదివే రిపోర్టును కూడా తారుమారు చేస్తుంది.

కొలనోస్కోపీ గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. పేగు శుభ్రం కావడానికి పొడి కలిపిన నీళ్లు లీటర్లకొద్దీ తాగాలి. సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగితే బాగా శుభ్రమవుతుందని డాక్టర్లే చెప్తారు. తాగాక గంటల తరబడి బాత్రూమ్ వదిలి రాలేం. మా ఊరి నుంచి హైదరాబాద్‌కు బస్సులో ఐదు గంటల పైమాటే. తెల్లవారుజామున మేం ఉండేది ఆ బస్సులోనే. మహాలక్ష్మి పథకం వల్ల ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు టికెట్ లేదు, సంతోషం, కానీ ఎక్స్‌ప్రెస్‌లో బాత్రూమ్ కూడా లేదు. అందుకని ముందురోజే వచ్చి లాడ్జి తీసుకోవాలి, లేదా రెండో సగం ఎగ్గొట్టాలి. ఎగ్గొడితే "క్లీన్ కాలేదు, మళ్లీ రండి" అంటారు. మళ్లీ అదే పొడి, అదే ప్రయాణం.

ఒకచోట నాకు మత్తు ఇవ్వకుండానే చేశారు. "ఓర్చుకోమ్మా, ఐదు నిమిషాలే" అన్నారు. వాచిన పేగులోకి గాలి ఎక్కిస్తుంటే ఆ ఐదు నిమిషాలు ఎలా ఉంటాయో ఆ మాట అన్నవాళ్లకు తెలియదు. మత్తు కావాలా వద్దా అన్నది పేషెంటును అడగాలి. ఇవ్వలేకపోతే ముందే చెప్పాలి.

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. అడ్మిట్ అయ్యే జబ్బులకు అది పెద్ద అండ. మా జబ్బులో మాత్రం అసలు ఖర్చంతా ఓపీలోనే: పరీక్షలు, మాత్రలు, బస్సులు, పోయిన కూలి. ఓపీలో ముందే కనిపెట్టగలిగితే అడ్మిషన్లు, ఆపరేషన్లు తగ్గుతాయి, మీ ఖజానాకూ అదే మేలు. జిల్లాకో మెడికల్ కాలేజీ పెట్టుకున్నాం కదా, అక్కడే కొలనోస్కోపీ చేయించండి. అది కుదిరేదాకా హైదరాబాద్ ఆస్పత్రుల్లో ముందురాత్రి ఉండి పొడి తాగడానికి బాత్రూమ్ పక్కన కొన్ని బెడ్లు కేటాయించి, ఆ రాత్రిని కూడా ఆరోగ్యశ్రీలో చేర్చండి. కాల్‌ప్రొటెక్టిన్‌ను ప్రతి జిల్లాలో ఉచితం చేయండి. నొప్పి వచ్చిన ప్రతిసారీ పాతికేళ్లు నిండని పిల్లలకు సీటీ స్కాన్ తీస్తున్నారు, ఆ రేడియేషన్ జీవితాంతం కూడుతూ పోతుంది. చాలా సందర్భాల్లో అల్ట్రాసౌండ్‌తో పేగు వాపు చూడొచ్చు. మెషిన్లు ఉన్నాయి, రేడియాలజిస్టులకు శిక్షణ ఇప్పిస్తే చాలు.

మే 19 ప్రపంచ ఐబీడీ దినం. ఆ రోజు కొన్నిచోట్ల భవనాలకు ఊదారంగు లైట్లు వేస్తారు. మాకు లైట్లు వద్దు, ఆ తేదీలోపు సర్క్యులర్ ఇప్పించండి. ఆ ఒక్క పేజీ రాసివ్వగల గ్యాస్ట్రో డాక్టర్లు మీ ఉస్మానియాలో, గాంధీలో, నిమ్స్‌లోనే ఉన్నారు.

ఇట్లు,
జగిత్యాల జిల్లా నుంచి ఒక క్రోన్స్ పేషెంట్