రొయ్యకు సుంకం పడితే షేరుకు జ్వరం

సంపాదకులకు నమస్కారం. మీ బిజినెస్ పేజీలో మార్కెట్ పడిన రోజు 'అంతర్జాతీయ ఉద్రిక్తతల వల్ల' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నారు, అది మాలాంటి చిన్న ఇన్వెస్టర్లకు ఏం అర్థమవుతుంది చెప్పండి.

2025 ఏప్రిల్ 2న అమెరికా మన సరుకులపై 26 శాతం సుంకం ప్రకటించింది. 7న సెన్సెక్స్ 2,226 పాయింట్లు పడిపోతే భయపడి అమ్ముకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. 9వ తేదీకల్లా ట్రంప్ 10 శాతం ఉంచి మిగతాది 90 రోజులు వాయిదా వేశారు! ఆగస్టులో మళ్లీ కథ మొదలు: ముందు 25, తర్వాత రష్యా చమురు కొంటున్నామని ఇంకో 25.

ఎక్కడో ఉక్రెయిన్‌లో యుద్ధం, దాని చమురు లెక్క వచ్చి భీమవరం చెరువు గట్టు మీద పడింది, ఎందుకంటే మన రొయ్యకు పెద్ద గిరాకీ అమెరికాదే, పైగా దాని మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా తెచ్చి అమ్ముతున్నారని వేసే అదనపు పన్ను) ముందునుంచీ ఉంది, పోటీలో ఉన్న ఈక్వెడార్‌కేమో అప్పట్లో 15 శాతమే. మందులకు మాత్రం ఆ సుంకం నుంచి మినహాయింపు దొరికింది. అంటే ఒకే వార్త, రొయ్యల కంపెనీకి ఒకలా, హైదరాబాద్ ఫార్మాకి ఇంకోలా.

అందుకే అడుగుతున్నా, ఏ కంపెనీ ఆదాయంలో అమెరికా వాటా ఎంతో వార్షిక నివేదికల్లోంచి తీసి వారానికోసారి వేయండి. టీవీలో టిప్స్ చెప్పేవాళ్లు ఆ పని ఎలాగూ చేయరు.

– ఒక పాఠకుడు, భీమవరం