నాలుగింటికి ఇంట్లో ఎవరుంటారు?

తల్లిదండ్రులకు నమస్కారం.

అక్టోబర్ 29 ప్రపంచ పక్షవాత దినం. అందుకని ఈ నెల అసెంబ్లీలో ఐదో తరగతి నుంచి పై పిల్లలందరికీ బ్రెయిన్ స్ట్రోక్ గురించి చెబుతున్నాం. ‘చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకు మేడమ్?’ అని ఒకరిద్దరు అడిగారు. మీరు ఆఫీసు నుంచి ట్రాఫిక్ దాటుకుని వచ్చేసరికి ఏడవుతుంది. నాలుగింటికి బడి నుంచి వెళ్లిన పిల్లలతో ఉండేది తాతయ్యో, నాయనమ్మో. ఆ మూడు గంటల్లో పెద్దవాళ్లకు ఏదైనా అయితే ముందు చూసేది పిల్లలే.

మా అత్తగారికి ఒక పొద్దున కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది. మాట ముద్దగా వచ్చింది. నీరసమనుకుని పంచదార నీళ్లు తాగించి పడుకోబెట్టాం. సాయంత్రానికి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆసుపత్రిలో డాక్టర్ మొదట అడిగింది, ‘ఆఖరిసారి మామూలుగా ఎన్నింటికి ఉన్నారు?’ అని. పొద్దున ఏడింటికి అని చెబుతుంటే నా గొంతు పెగల్లేదు.

మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్లే ఎక్కువ మందికి స్ట్రోక్ వస్తుంది. ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. కొందరిలో మాత్రం నాళం చిట్లుతుంది, వాళ్లకు అదే ఇంజెక్షన్ ప్రమాదం. ఏ రకమో సీటీ స్కాన్ తీస్తేగానీ తెలియదు. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ వేయొద్దు. మింగడం కష్టమై పొలమారవచ్చు కాబట్టి నీళ్లూ పట్టొద్దు. (పంచదార నీళ్ల సంగతి ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.) నాటు పసరు కోసం ఊరికి తీసుకెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ దారిలోనే టైం అయిపోతుంది.

పిల్లలకు నేర్పేది ఇంతే. నవ్వమను, మూతి ఒక పక్కకు పోతోందేమో చూడు. రెండు చేతులూ ఎత్తమను, ఒకటి వాలిపోతోందా? ఇంటి అడ్రస్ చెప్పమను, మాట తడబడుతోందా? ఒక్కటి తేడాగా ఉన్నా గడియారం చూసి టైం రాసుకో, 108కి ఫోన్ చెయ్యి. పది నిమిషాల్లో అంతా సర్దుకున్నా ఊరుకోవద్దు. అది పెద్ద స్ట్రోక్‌కు ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు.

ఇక మీ వంతు. బీపీ ఎక్కువగా ఉన్నా చాలామందికి తలనొప్పి కూడా రాదు, చూపించుకుంటేనే తెలుస్తుంది. నార్మల్‌కి వచ్చిందని మాత్రలు సొంతంగా మానేయొద్దు, అది మాత్రల వల్లే వచ్చింది. రోజంతటికీ ఉప్పు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. ఆవకాయ, అప్పడం, మిక్చర్ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. షుగర్, సిగరెట్ సంగతి మీకు తెలిసిందే.

పిల్లల డైరీలో ఒక పసుపు చీటీ అంటించాం. మీ ఇంటికి దగ్గరలో 24 గంటలూ సీటీ స్కాన్ ఉండే ఆసుపత్రి ఏదో కనుక్కుని దాని పేరు, ఫోన్ నంబరు, పెద్దవాళ్లు వాడే మందుల పేర్లు అందులో రాయండి. సోమవారం క్లాస్ టీచర్ చూస్తారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు