ఆ ఆడియో ఇంకెవరికీ పంపకండి

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి మన గ్రూపులోకి వచ్చిన నాయకుడి ఆడియోను మా అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ రెండుసార్లు విని, "గొంతు ఆయనదే కదరా" అంది. గొంతొక్కటే చాలదండీ. 2018లో చనిపోయిన కరుణానిధి గారు 2024 జనవరిలో మన చెన్నైలోనే ఒక సభలో తెర మీద మాట్లాడారు, అంతా ఏఐ. అదే ఏడాది ఇండోనేషియా ఎన్నికల ముందు, ఎప్పుడో 2008లో పోయిన ఆ దేశ మాజీ అధ్యక్షుడు సుహార్తో మాట్లాడుతున్నట్టు వీడియో తిరిగింది. అవి ఏఐ అని అందరికీ తెలిసినవే. మనకొచ్చినదాన్ని ఎవరు చేశారో కూడా తెలియదు. పైన రెండు బాణాల గుర్తుంది చూడండి, అంటే చాలా చేతులు మారి వచ్చింది.

పోలింగ్ ముందు రోజు ఇలాంటిది వస్తే అబద్ధమని చెప్పడానికి టైమే ఉండదు. నా టెన్షన్ అదే. దయచేసి డిలీట్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్లు విని ఉంటే పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పండి. పంపినవాళ్లను మాత్రం ఏమీ అనకండి, నమ్మే పంపారు.