ఇకపై అడ్రస్ చూసి తలుపు తీయం

నమస్కారం.

గత నెలలో మా న్యూస్ సర్వర్, అంటే యూజ్‌నెట్ చర్చా గ్రూపుల పోస్టులను దాచి బయటి సర్వర్లతో పంచుకునే మెషీన్, మీలో చాలామందిని ఇబ్బంది పెట్టింది. ముందు మీ పోస్టులు కొన్ని బయటి సర్వర్లకు చేరలేదు. తర్వాత ఒక శనివారం రాత్రి నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా కొందరికి గ్రూపులన్నీ మాయమై ‘టెస్ట్’ గ్రూపు ఒక్కటే మిగిలింది. అప్పుడు ‘సాంకేతిక కారణాల వల్ల’ అని రెండు ముక్కల మెయిల్ పెట్టి ఊరుకున్నాను. ఆ రెండు కారణాలూ నా చేతి పనే. ఏం జరిగిందో చెప్పి, ఈ నెల 20 నుంచి ఏం మారుతోందో కూడా చెబుతాను.

ఇన్నాళ్లూ మన దగ్గర లోపలికి రావడానికి రెండు దారులున్నాయి. ఇళ్ల నుంచి వచ్చేవాళ్లకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లకు అవేవీ అక్కర్లేదు, ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌కు ఉండే నంబర్) మా జాబితాలో ఉంటే చాలు. ఈ రెండో పద్ధతి న్యూస్ సర్వర్లలో మొదటి నుంచీ ఉన్నదే. 1986లో న్యూస్ సర్వర్లు మాట్లాడుకునే ఎన్ఎన్‌టీపీ ప్రోటోకాల్‌ను ఆర్ఎఫ్‌సీ 977 అనే ఇంటర్నెట్ పత్రంగా రాసినప్పుడు అందులో లాగిన్ ఆదేశమే లేదు. ఏ మెషీన్ నుంచి వచ్చారో చూస్తే సరిపోయే రోజులవి. పాస్‌వర్డ్ అడిగే ఆదేశాలు తర్వాత వాడుకలోకి వచ్చాయి. వాటికి సరైన ప్రమాణం 2006లో, ఆర్ఎఫ్‌సీ 4643తో గానీ కుదరలేదు. ఆఫీసువాళ్లకు అడ్రస్ పద్ధతి హాయిగా ఉండేది. నాకు ఇంకా హాయిగా ఉండేది, పాస్‌వర్డ్ మర్చిపోయామని ఎవరూ ఫోన్ చేయరు కదా.

మా కస్టమర్ ఆఫీసు ఒకటి వేరే చోటికి మారింది. ఇంటర్నెట్ కనెక్షన్ మారింది, దాంతో అడ్రసూ మారింది. కొత్త అడ్రస్ ఇచ్చారు, జాబితాలో చేర్చాను. పాతదాన్ని తీసేయలేదు. తాళం వేసితిని, గొళ్లెం మరిచితిని అన్నట్టే అయింది. ఆ పాత అడ్రస్ కొన్నాళ్లకు మరెవరికో వెళ్లింది. వాళ్లో, వాళ్ల మెషీన్‌లో దూరిన ఏదో ప్రోగ్రామో తెలియదు గానీ, మన సర్వర్ తలుపు తెరిచి ఉందని కనిపెట్టి ఒక్క రాత్రిలో ఒకే ప్రకటనను వందల సార్లు రకరకాల గ్రూపుల్లో వేసేసింది.

స్పామ్‌ను మర్నాడు పొద్దున్నే చూశాను, ఆ అడ్రస్‌ను తీసేశాను. కథ అయిపోయిందనుకున్నాను. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. మనతో ఆర్టికల్స్ (గ్రూపుల్లో వేసే పోస్టులను ఇలా అంటారు) ఇచ్చిపుచ్చుకునే సర్వర్లలో మూడు, మన సర్వర్ పేరును ఫిల్టర్‌లో పెట్టేశాయి. ప్రతి ఆర్టికల్‌కూ పైభాగాన పాత్ అనే హెడర్, అంటే సమాచారపు వరుస, ఉంటుంది, అది ఏయే సర్వర్ల మీదుగా వచ్చిందో అందులో పేర్లుంటాయి. దానిలో మన పేరు కనిపిస్తే ఆ ఆర్టికల్ వాళ్లకు వద్దు. చుట్టుతిరిగి వేరే సర్వర్ ద్వారా వెళ్లినా వద్దు. యూజ్‌నెట్‌లో ఈ శిక్షకు పెద్దది ఒకటి ఉంది, దాన్ని డెత్ పెనాల్టీ అంటారు. 1997లో స్పామ్‌ను అదుపు చేయలేదని ఒక భారీ ఇంటర్నెట్ ప్రొవైడర్ మీదే అది పడింది. మనకు అంత దూరం రాలేదు. కానీ వాళ్లు చేసింది తప్పని నేను అనను, నేనైనా అదే చేసేవాణ్ని.

ఇది నాకు తొమ్మిది రోజులు తెలియలేదు. ‘నా ప్రశ్న అవతలి సర్వర్‌లో కనిపించడం లేదేంటి’ అని మీలో ఒకరు రాసేదాకా. రోజూ వచ్చే రిపోర్టులో ఆ విషయం ఉంది. అందులో పక్కపక్కనే రెండు అంకెలుంటాయి. ‘రిఫ్యూజ్డ్’ అంటే ఆ ఆర్టికల్ మా దగ్గర ముందే ఉంది, పంపొద్దు అని అవతలి సర్వర్ అంటోందని అర్థం. అది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, మామూలే. ‘రిజెక్టెడ్’ అంటే చూశాం, మాకు వద్దు అని. రెండోది సున్నా దగ్గర నుంచి ఎగబాకుతుంటే, నేను మొదటిదే అనుకుని కళ్లు తిప్పేశాను. సర్వర్ నడపడం మొదలుపెట్టిన కొత్తలో అయితే ఆ తేడా పట్టేవాణ్ని. ఏళ్ల తరబడి ఒకే రిపోర్టు చూస్తే ఇంతే.

పాత అడ్రస్ విషయంలో ఇంకొకటి చెప్పాలి. ఆ ఆఫీసుకు సొంత ప్రైవేట్ గ్రూపు ఉంది. ఆ అడ్రస్ నుంచి వచ్చిన ఎవరైనా దాన్ని చదవగలిగేవాళ్లు. మా లాగ్‌లో, అంటే సర్వర్ రాసుకునే చిట్టాలో, ప్రతి సెషన్‌లో ఏ గ్రూపు తెరిచారో, ఎన్ని ఆర్టికల్స్ చదివారో నమోదవుతుంది. అందులో చూస్తే ఆ అపరిచితుడు ప్రైవేట్ గ్రూపు వైపు వెళ్లలేదు. అయితే లాగ్‌లు 14 రోజులే దాచేవాణ్ని. ఆఫీసు మారి అప్పటికి ఐదు వారాలైంది. ముందటి మూడు వారాల మాట చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ఇది ఆ కస్టమర్‌కు ఫోన్ చేసి ముందే చెప్పాను.

ఇక గోరుచుట్టు మీద రోకటి పోటు. అది శనివారం రాత్రి సంగతి.

మేం వాడే సాఫ్ట్‌వేర్ ఐఎన్ఎన్. అందులో ఎవరు రావచ్చు, ఏం చదవచ్చు, ఎక్కడ రాయవచ్చు అన్నదంతా రీడర్స్.కాన్ఫ్ అనే ఒక్క ఫైల్‌లో ఉంటుంది. మొదటి రకం పేరాలు ‘నువ్వెవరు’ అని తేలుస్తాయి, రెండో రకం ‘నీకు ఏమేం అనుమతి’ అని తేలుస్తాయి. ఇక ఎవరూ చాటుగా దూరకూడదని, గుర్తు తెలియని ప్రతివాళ్లనూ ‘అతిథి’గా లెక్కగట్టి టెస్ట్ గ్రూపు మాత్రమే చూపించే పేరా ఒకటి రాశాను. దాన్ని ఫైల్ అడుగున పెట్టాను. పైనుంచి అన్నీ చూశాక ఏదీ సరిపోకపోతే చివరిది అందుకుంటుందని నా ఊహ. కానీ ఈ ఫైల్‌ను సర్వర్ కింది నుంచి పైకి చూస్తుంది. అడుగునున్న నా అతిథి పేరా అందరికంటే ముందు నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరినీ అతిథిని చేసేసింది. ఈ సంగతి మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది, నేను ఒకప్పుడు చదివాను కూడా.

మార్చాక పరీక్షించకుండా పడుకోలేదు. నా రీడర్‌తో, అంటే గ్రూపులు చదివే ప్రోగ్రామ్‌తో, కనెక్టయ్యాను, గ్రూపులన్నీ వచ్చాయి. అక్కడే బోల్తా పడ్డాను. నా రీడర్ కనెక్టవగానే లాగిన్ పంపేస్తుంది, అందువల్ల అతిథి ముద్ర చెరిగిపోయింది. సర్వర్ అడిగితే తప్ప లాగిన్ పంపని రీడర్లు చాలా ఉన్నాయి. అతిథిగా లోపలికి రానిచ్చాక సర్వర్ అడగదు, అడగలేదు కాబట్టి అవి పంపవు. ఆఫీసుల వాళ్లకైతే పంపడానికి లాగినే లేదు. కొన్ని రీడర్లు ఇంకో అడుగు ముందుకు వేసి, ‘ఈ గ్రూపు సర్వర్‌లో లేదు, తీసేయమంటారా’ అని అడిగాయి. అవునని నొక్కినవాళ్లకు ఎంతవరకు చదివారో చూపే గుర్తులు పోయాయి. అవి మీ కంప్యూటర్‌లోనే ఉండేవి, నేను తిరిగి తేలేను. క్షమించండి. ఆర్టికల్స్ మాత్రం సర్వర్‌లో ఒక్కటీ పోలేదు.

ఇప్పుడు మార్పులు. అడ్రస్ చూసి రానివ్వడం పూర్తిగా ఆపేస్తున్నాను. జాబితాను జాగ్రత్తగా చూసుకుంటే సరిపోదా అని ఇద్దరు ఆఫీసు కస్టమర్లు అడిగారు. సరిపోదు. ఇప్పుడు చాలా ప్రొవైడర్లు ఒకే అడ్రస్ వెనుక వందలాది కనెక్షన్లను పెడుతున్నాయి. ఒకరికి తలుపు తీస్తే ఆ అడ్రస్ వెనకున్న అందరికీ తీసినట్టే. ఒకరి తప్పుకు మూస్తే అందరికీ మూసినట్టే. అందుకని ఆఫీసులోనూ మనిషికొక లాగిన్ ఇస్తాను. ఎవరైనా ఉద్యోగం మానేస్తే ఒక్క మాట చెప్పండి, ఆ ఒక్కటి తీసేస్తాను.

కొత్త లాగిన్‌లు మీ పేరులా కాకుండా అర్థంపర్థం లేని అక్షరాల్లా ఉంటాయి. కారణం ఉంది. మీరు పోస్ట్ చేసిన ఆర్టికల్‌లో ఇంజెక్షన్-ఇన్ఫో అనే హెడర్ వెళ్తుంది, ఇన్నాళ్లూ అందులో మీ ఐపీ అడ్రస్ ఉండేది. ఇకపై అడ్రస్ తీసేసి లాగిన్ పెడుతున్నాం. ఎవరి మీదైనా ఫిర్యాదు వస్తే నాకు వెంటనే తెలుస్తుంది, లోకానికి మీ పేరు తెలియదు.

పాస్‌వర్డ్ 119 పోర్టులో (పోర్టు అంటే సర్వర్ తలుపు నంబర్ లాంటిది) విప్పిన ఉత్తరంలా వెళ్తుంది కాబట్టి ఆ పోర్టు మీకు మూసేస్తున్నాను. అది బయటి సర్వర్లకే ఉంటుంది. మీరు 563కు మారి, రీడర్‌లో టీఎల్ఎస్ లేదా ఎస్ఎస్ఎల్ (దారిలో ఎవరూ చదవలేకుండా పంపే పద్ధతి) అన్నచోట టిక్ పెట్టండి. స్టార్ట్‌టీఎల్ఎస్ అని వేరే ఎంపిక కనిపిస్తుంది, అది కాదు. టీఎల్ఎస్ ఎరుగని పాత రీడర్‌ను వదల్లేనంటారా, మీ మెషీన్‌లోనే ఆ పని చేసిపెట్టే స్టన్నెల్ అనే ప్రోగ్రామ్ నడిపి దాని గుండా రావచ్చు. సెట్టింగులు అడిగితే పంపుతాను. నా పాత రీడర్ ఒకటి ఇలాగే బతుకుతోంది.

ఒక లాగిన్‌కు ఒకేసారి నాలుగు కనెక్షన్లు. మన దగ్గరివన్నీ టెక్స్ట్ గ్రూపులే కాబట్టి ఇది చాలు. పోస్టులు వెంటవెంటనే వేస్తే సర్వర్ ప్రతిసారీ కొంచెం ఆలస్యం చేస్తూ పోతుంది. మామూలుగా రాసేవాళ్లకు ఇది తగలదు. లాగ్‌లను ఇకపై 60 రోజులు దాస్తాను. ఇన్ని రోజులు వద్దనుకునేవాళ్లు ఉంటారు, నాకూ మనసొప్పలేదు. కానీ ఆ మూడు వారాల ఖాళీ చూశాక వేరే దారి కనిపించలేదు.

బయటి సర్వర్లలో రెండు మన ఆర్టికల్స్ మళ్లీ తీసుకుంటున్నాయి. మూడోది ఇంకా లేదు. అడ్రస్ పద్ధతి తీసేశాక చూస్తామన్నారు, న్యాయమే. గత నెల చందా ఎవరి దగ్గరా తీసుకోను, ముందే కట్టినవాళ్లకు వచ్చే నెలలో సర్దుతాను.

లాగిన్‌లు రేపటి నుంచి మెయిల్‌లో వస్తాయి. 20 దాకా పాత దారి, కొత్త దారి రెండూ పనిచేస్తాయి. మార్చుకున్నాక టెస్ట్ గ్రూపులో ఒక్క లైను రాయండి, దాన్ని రోజూ పొద్దున నేనే చూస్తాను. ఈ మధ్యలో గ్రూపు లేదు, తీసేయమంటారా అని మీ రీడర్ అడిగితే వద్దని నొక్కి, ఏ వేళైనా సరే నాకు ఫోన్ చేయండి.