అమ్మ అడిగిన మాటకు జవాబు

శాన్ హోసే,
2003 మార్చి 9, ఆదివారం

నాయనకు, అమ్మకు నమస్కారాలు.

నేను, మీ కోడలు, పాప బాగున్నాం. నాయనా, ఇది అమ్మకు మొత్తం చదివి వినిపించు. నీకు నచ్చని చోట దాటేయొద్దు.

పని ఉంది. పోయిన నెల మా కంపెనీలో ఇంకొంతమందిని తీసేశారు, నన్ను తీయలేదు. అంతకంటే చెప్పడానికి ఏం లేదు.

కువైట్‌లో ఉన్న తమ్ముడితో బుధవారం మాట్లాడాను. అమెరికా ఇరాక్ మీద యుద్ధానికి దిగేటట్టుంది, వాడు ఆ పక్కనే ఉన్నాడు. వాడు మీకు అన్నీ చెప్పడు, అందుకే నేను రాస్తున్నాను. వాడు పనిచేసే ఇంట్లో కిటికీల సందులకు టేపు అంటించారట. ఇంటివాళ్లకు గ్యాస్ మాస్కులు తెచ్చుకున్నారట. డ్రైవరుకు, వంటామెకు తేలేదు. పాస్‌పోర్టు సేటు దగ్గరే ఉంది. అడగరా అంటే "ఇప్పుడడిగితే పారిపోతున్నానని అనుకుంటాడు అన్నా" అన్నాడు. అమెరికా సైన్యం లారీలు వాడుండే రోడ్డు మీదుగానే రాత్రంతా ఎడారి వైపు పోతున్నాయట. నిద్ర పట్టడం లేదన్నాడు.

చిన్నాన్నను ఒకసారి వాడితో మాట్లాడమనండి. 1990లో ఇరాక్ సద్దాం కువైట్‌ను ఆక్రమించినప్పుడు ఆయన అక్కడి నుంచి ఎట్లా వచ్చాడో మనకెవరికీ మరుపు రాదు కదా. బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కడ ఎన్ని రోజులు టెంటులో పడుకున్నాడో, ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయిలో దిగేసరికి ఒంటి మీద ఏముందో. ఆయన సద్దాంను ఎంత తిడతాడో నాకు తెలుసు. నాకూ వాడి మీద ప్రేమేం లేదు. ఆ మాట ముందే చెప్తున్నాను, తర్వాత రాసేది చదివి చిన్నాన్న నన్ను తప్పుగా అనుకోకూడదు.

అమ్మా, మొన్న ఫోన్లో అడిగావు, "అంత పెద్ద దేశంలో యుద్ధం వద్దనేవాడు ఒక్కడూ లేడా?" అని. నేను చెప్పేలోపు ఫోను కార్డు అయిపోయింది. ఆ రాత్రంతా నీ మాటే చెవుల్లో ఉంది.

ఉన్నారమ్మా. లక్షల్లో ఉన్నారు. ఇక్కడి టీవీలోనే వాళ్లు కనపడరు, మరి మీకెట్లా కనపడతారు? సాయంత్రం ఏ ఛానల్ పెట్టినా రిటైరైన జనరళ్లు మ్యాపు ముందు నిలబడి, బాగ్దాద్‌కు ఏ దారిన పోవాలో చూపిస్తుంటారు. అసలు పోవాలా అని అడిగే మనిషిని ఆ కుర్చీల్లో కూర్చోబెట్టరు. మ్యాపులో అడుగున చిన్న ముక్క కువైట్. పాప టీవీ దగ్గరికి పోయి వేలు పెట్టి, "బాబాయ్ ఇక్కడేనా?" అని అడిగింది. అవునన్నాను.

ఫిల్ డోనహ్యూ అని ఒక పెద్దాయన ఉన్నాడు, జుట్టంతా తెల్లగా ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా టీవీలో పేరున్న మనిషి. ఎంఎస్ఎన్‌బీసీ అనే వార్తల ఛానల్లో ఆయన ప్రోగ్రాంలో యుద్ధం వద్దనేవాళ్లు కాస్త కనపడేవాళ్లు. నేను త్వరగా ఇంటికొచ్చిన రోజు చూసేవాణ్ని. పోయిన నెల 25న దాన్ని ఆపేస్తున్నామని ప్రకటించారు. చూసేవాళ్లు తక్కువన్నారు. ఆ ఛానల్ మొత్తంలో ఎక్కువమంది చూసేది ఆయన ప్రోగ్రామే నాయనా! తర్వాత లోపలి కాగితం ఒకటి బయటికొచ్చింది. యుద్ధ సమయంలో ఈయన ముఖం మనకు ఇబ్బంది, పోటీ ఛానళ్లు జెండాలు ఊపుతుంటే మనది యుద్ధం వద్దనేవాళ్లకు అడ్డా అవుతుంది అని అందులో రాసుకున్నారట. ఆ ఛానల్లో వాటా ఉన్న ఎన్‌బీసీ జనరల్ ఎలక్ట్రిక్ అనే కంపెనీ వాళ్లది. వాళ్లే యుద్ధ విమానాలకు ఇంజన్లు కూడా చేస్తారు. అందుకే ఆపారని నేననను, కానీ అది తెలిశాక ఆ ఛానల్ పెట్టబుద్ధి కాలేదు.

మా ఊరి పేపరు మెర్క్యురీ న్యూస్ మాత్రం నయం. అది నైట్ రిడర్ అనే కంపెనీది. గవర్నమెంటు చూపించే సాక్ష్యాలను లోపలి అధికారులే నమ్మడం లేదని వాళ్ల విలేకరులు రాస్తున్నారు. అయితే పెద్ద పెద్ద వాళ్లు చదివేది న్యూయార్క్, వాషింగ్టన్ పేపర్లు, ఇది కాదు.

నాయనా, అపోజిషన్, అంటే డెమోక్రాట్ల పార్టీ, ఏం చేస్తోందని నువ్వు అడుగుతావని తెలుసు. అక్టోబరులో ఓటింగ్ జరిగింది. కింది సభలో యుద్ధానికి సరే అన్నవాళ్లు 296, వద్దన్నవాళ్లు 133. సెనేట్‌లో 77, 23. కింది సభలో డెమోక్రాట్లు సగానికి పైగా, 126 మంది, వద్దనే ఓటేశారు. ఈ లెక్క నేను టీవీలో వినలేదు, పేపర్లో చదివి తెలుసుకున్నాను. వాళ్ల నాయకుడు గెప్‌హార్ట్ మాత్రం బుష్ పక్కన నిలబడి ఫోటో దిగాడు. సెనేట్ అప్పుడు డెమోక్రాట్ల చేతిలోనే ఉండింది, అయినా అంతే. నాలుగు వారాల్లో ఎన్నికలు, దేశద్రోహి అంటారని భయం. సరే అని ఓటేసినవాళ్లు కూడా ఆ నింద తప్పించుకోలేకపోయారు. జార్జియాలో మ్యాక్స్ క్లీలాండ్ అనే సెనేటరు వియత్నాంలో రెండు కాళ్లు, ఒక చెయ్యి పోగొట్టుకున్నాడు. యుద్ధానికి సరే అని ఓటేశాడు. అయినా ప్రచారంలో బిన్ లాడెన్ బొమ్మ, సద్దాం బొమ్మ పెట్టి ఆయన మీద యాడ్ వేశారు, ఓడించారు. అంతటి మనిషినే వదల్లేదు చూడు.

మాకు దగ్గరే, ఓక్లాండ్ నుంచి కింది సభకు గెలిచిన బార్బరా లీ అని ఒకామె ఉంది. 2001 సెప్టెంబరులో న్యూయార్క్ మీద దాడుల తర్వాత అందరూ బుష్‌కు బలప్రయోగానికి అధికారం ఇస్తుంటే, 420 మంది అవునన్న చోట ఆమె ఒక్కతే లేచి వద్దంది. చంపుతామని బెదిరింపులొచ్చాయి, పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. పోయిన నవంబరులో ఆమె ఊరివాళ్లు ఆమెను మళ్లీ గెలిపించారు. పోయిన నెల 12న రాబర్ట్ బర్డ్, 85 ఏళ్ల ముసలాయన, సెనేట్‌లో లేచి, యుద్ధం ముంగిట ఉంటే ఈ సభ ఎందుకింత మౌనంగా ఉందని అడిగాడు. ఆ ముసలాయనను చూస్తే నాకు తాత గుర్తొచ్చాడు, రచ్చబండ దగ్గర ఒక్కడే లేచి మాట్లాడేవాడు కదా.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మా, నేను యుద్ధం వద్దనే ఊరేగింపుకు పోయానని విని నువ్వు ఏడ్చావని తమ్ముడు చెప్పాడు. వాడికి నోరు ఆగదు.

ఫిబ్రవరి 16న, ఆదివారం, శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగింది. వేరే ఊళ్లలో శనివారమే చేశారు, ఇక్కడ ఆ రోజు చైనావాళ్ల కొత్త సంవత్సరం ఊరేగింపు ఉందని ఒక రోజు ఆగారు. సముద్రం ఒడ్డు నుంచి మార్కెట్ స్ట్రీట్ మీదుగా సివిక్ సెంటర్ దాకా నడిచాం. పర్మిషన్ ఉన్న ఊరేగింపే. నా పక్కన ఒక ముసలామె చేతికర్ర పట్టుకుని నడిచింది, చిన్న పిల్లల్ని బండ్లలో తోసుకుంటూ వచ్చారు, వియత్నాంలో పోరాడిన వాళ్లు పాత మిలిటరీ చొక్కాలు వేసుకుని వచ్చారు. ఆ ముసలామె నన్ను ఎక్కడి నుంచి వచ్చావని అడిగింది. ఇండియా అన్నాను, తమ్ముడు కువైట్‌లో ఉన్నాడన్నాను. ఏమీ అనలేదు, సివిక్ సెంటర్ దాకా నా చెయ్యి వదల్లేదు. ఇక్కడికొచ్చి ఐదేళ్లయింది, ఇంత దగ్గరితనం నాకెవ్వరి దగ్గరా దొరకలేదమ్మా.

ముందు రెండు లక్షల మంది అన్నారు. తర్వాత అక్కడి పేపరువాళ్లు విమానంలోంచి ఫోటోలు తీయించి లెక్కపెట్టి, 65 వేలు అన్నారు. ఎంతమంది అని వారం రోజులు వాదించుకున్నారు కానీ, ఎందుకొచ్చారని అడగలేదు. ఇన్ని ఊళ్లలో ఇంతమంది రోడ్డెక్కితే, జనం సంఖ్య చూసి పాలసీ మార్చుకోవడం మార్కెట్ సర్వే చూసి నడుచుకున్నట్టే అన్నాడు బుష్.

అరిజోనాలో తలపాగా చూసి ఒక సిక్కు పెట్రోల్ బంకాయన్ను చంపేసిన సంగతి నీకు గుర్తుంది, అందుకే నీ భయం. నాకూ లేకపోలేదు. గ్రీన్ కార్డు ఫైలు ఇంకా నడుస్తోంది. నేను బోర్డు పట్టుకోలేదు, అరవలేదు, నడిచాను అంతే. "ఊరివాళ్ల గొడవ నీకెందుకు" అన్నావట. బాంబులు వేసే విమానాలకు నా జీతంలో కోసిన పన్ను కూడా పోతుంది, ఆ బాంబులకు పక్కనే నా తమ్ముడు ఉన్నాడు. మళ్లీ జరిగితే మళ్లీ పోతాను. నన్ను తిట్టు, కానీ ఏడవొద్దు.

బోరు ఇంకో వంద అడుగులు దింపితే నీళ్లు పడతాయని ఎవరో చెప్పారన్నావు నాయనా. ఈ ఏడు వద్దు. పోయిన ఏడాది కరువుకు అందరూ అదే చేసి అప్పులపాలయ్యారు. వానలు చూసి ఆలోచిద్దాం. డబ్బు పంపాను, ముందు మందుల అంగడి బాకీ కట్టేయండి.

తమ్ముడి పాస్‌పోర్టు జిరాక్సు, వీసా కాగితం జిరాక్సు బీరువాలో అమ్మ చీరల కింద ఉండాలి. తీసి దగ్గర పెట్టుకోండి. మన ఎంబసీలో పేరు రాయించుకోమని వాడికి చెప్పాను, మీరూ చెప్పండి. శుక్రవారం వాడికి సెలవు. ఆ రోజు రాత్రి తొమ్మిదికి ఎక్కడికీ పోకుండా ఇంటి దగ్గరే ఉండండి. నేను వాడికి ఫోను చేసి, మీ లైను కూడా కలుపుతాను. ముగ్గురిళ్లూ ఒకేసారి మాట్లాడుకోవచ్చు. చిన్నాన్నను కూడా పిలవండి.

మీ పెద్దోడు