నెలకు ఒక్కరోజు డాక్టరు, మిగిలిన రోజులన్నీ మీరు

మొన్న విశాఖపట్నంలో మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళినప్పుడు ఆయనకు కృతజ్ఞతలు చెప్పబోయాను. ఆయన మందుల చీటీ రాస్తూనే, "నన్ను మీరు నెలకొకసారి చూస్తారు. మిగిలిన రోజుల్లో మిమ్మల్ని ఎవరు చూసుకుంటున్నారో వాళ్ళకు చెప్పండి" అన్నారు. మాట బాగానే ఉంది. కానీ వాళ్ళలో సగం మందికి తాము నాకు వైద్యం చేస్తున్నట్టే తెలియదు. విడివిడిగా వెళ్ళి చెబితే "దానికేముంది" అని కొట్టిపారేస్తారు. అందుకని అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివారి కోసం ముందు నా సంగతి. మాది శ్రీకాకుళం జిల్లా. సైన్యంలో మద్రాస్ సాపర్స్‌లో, అంటే బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ ఇంజినీర్ గ్రూపులో పనిచేసి, 2021లో హవల్దారుగా బయటకు వచ్చాను. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో సైన్యం పాకిస్తాన్ సరిహద్దుకు కదిలింది. రాజస్థాన్, పంజాబ్, జమ్మూ సరిహద్దుల వెంట పెద్ద ఎత్తున మందుపాతరలు పాతారు. 2002 అక్టోబరులో బలగాలను వెనక్కు పిలవాలని నిర్ణయించారు. పాతినవాటిని తీయడం మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది. ఆ పనిలో నేనూ ఉన్నాను. పాతడం కంటే తీయడం కష్టం. ఏ వరుసలో ఎన్ని ఉన్నాయో రికార్డు ఉంటుంది గాని, ఇసుక దిబ్బలకు ఆ రికార్డుతో పనిలేదు. గాలికి అవి జరుగుతాయి, పాతర కూడా వాటితో పాటే జరుగుతుంది. మనుషుల కోసం పెట్టే చిన్నరకం పాతర ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. లోహం అతి తక్కువ కాబట్టి డిటెక్టరుకు అంత సులభంగా దొరకదు. అప్పుడు బోర్లా పడుకొని, ప్రాడర్ అనే సన్నని చువ్వతో ఇసుకను ఏటవాలుగా గుచ్చుతూ అంగుళం అంగుళం ముందుకు వెళ్ళాలి. మా బృందంలో ఒకరికి ఏమైందో ఇక్కడ రాయను. ఆయన కుటుంబం ఈ పోస్టు చదవవచ్చు.

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ అదేదీ పైకి రాలేదు. పొద్దున పీటీ, సాయంత్రం రోల్ కాల్, చుట్టూ మనుషులు, రేపు ఏం చేయాలో ఈ రాత్రే తెలిసిపోయే జీవితం. పైకి వచ్చినా జవాన్లు చెప్పడానికి వెనకాడతారు. సైన్యం వైద్య కేటగిరీలను సూచించే 'షేప్' (SHAPE) అక్షరాల్లో మొదటిదే మానసిక ఆరోగ్యానిది. అది తగ్గితే ప్రమోషను, పోస్టింగు చిక్కుల్లో పడతాయన్న భయం బ్యారక్‌లో అందరికీ ఉంటుంది. నా విషయంలో అది ఇంటికి వచ్చాక, నలభై దాటిన వయసులో, ఏ పనీ లేని పగళ్ళలో బయటపడింది. నిద్రలో కేకలు. రోడ్డు వదిలి మట్టి మీద కాలు పెట్టలేకపోవడం. దున్నిన చేను చూస్తే చెమటలు. రైతు ఇంట్లో పుట్టినవాడు చేలోకి దిగనంటే ఊరు ఏమంటుందో మీకు తెలుసు. "మిలటరీ పింఛను వస్తోంది కదా, ఇక ఒళ్ళు వంగుతుందా" అన్నారు.

ఇక కృతజ్ఞతలు.

అందరికంటే ముందు మా రోల్ కాల్ గ్రూపుకు. చుట్టుపక్కల మండలాల మాజీ సైనికులను కూడగట్టి ఒక సుబేదార్ మేజర్ సాబ్ నడుపుతున్న వాట్సాప్ గ్రూపు అది. ఉదయం ఆరు గంటలకల్లా "హాజర్ సాబ్" అని రాయాలి. శుభోదయం బొమ్మలు, రాజకీయాలు, ఫార్వర్డులు నిషేధం. (ఈ ఒక్క నియమానికే ఆయనకు ఇంకో పతకం ఇవ్వవచ్చు.) తొమ్మిది దాటినా ఎవరి హాజరైనా పడకపోతే అతనికి జతగా వేసిన బడ్డీ ఫోను చేస్తాడు. ఫోను ఎత్తకపోతే సాయంత్రంలోగా ఇంటికి వెళ్తాడు. ఎందుకు రాయలేదని అడగడు, టీ తాగడానికి వచ్చానంటాడు. బడ్డీ జతలు వేసింది కూడా సాబ్ గారే. నాకు జతగా పడినవాడు సైన్యంలో సమాచార వ్యవస్థ చూసే సిగ్నల్స్ విభాగం నుంచి వచ్చాడు, నాకంటే బాగా చిన్నవాడు, ఒక్క నిమిషం నోరు మూయడు. ఇతనితో వేగేదెలా అనుకున్నాను. ఇప్పుడు అతను ఊరికి వెళ్తే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందనిపిస్తుంది.

రాత్రి మూడింటికి మెలకువ వచ్చి మంచం మీద కూర్చున్న రోజుల్లో, ఆరు వరకు ఆగితే హాజరు వేయవచ్చన్న ఆలోచన పట్టుకొని తెల్లవార్చాను. హాజరు వేశాక మళ్ళీ పడుకోవాలంటే సిగ్గు. కాబట్టి స్నానం, ఆ తర్వాత టీ కొట్టు, అక్కడ పేపరు. నిద్ర పట్టినా పట్టకపోయినా రోజూ ఒకే వేళకు లేస్తే నిద్ర దారిలో పడుతుందని తర్వాత డాక్టరు గారు చెప్పారు. సాబ్ గారికి ఆ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు, ముప్పై ఏళ్ళ పాటు జవాన్లను నిద్రలేపిన అనుభవం చెప్పింది.

తర్వాత మా బావమరిది. ఇతని గురించి కొంచెం ఎక్కువే రాయాలి.

కౌన్సెలింగ్ చేసే సైకాలజిస్టు గారు నాచేత ఒక జాబితా రాయించారు. నన్ను భయపెట్టే చోట్లు, ఒక్కొక్క చోటికి నూటికి ఇన్ని అని భయం మార్కులు. సిమెంటు రోడ్డుకు సున్నా. కంకర దారికి ఇరవై. గడ్డి మొలిచిన గట్టుకు నలభై. కోత కోసిన మడికి అరవై. కొత్తగా దున్నిన పొడి దుక్కికి నూరు. తేలికైన చోటుతో మొదలుపెట్టి, అక్కడే నిలబడి, గుండెదడ తనంతట తాను తగ్గేవరకు ఉండాలి. భయం పెరుగుతుండగా పారిపోతే, పారిపోయినందుకే బతికానని మెదడు నేర్చుకుంటుందట. ఉండిపోతే, ఏమీ జరగలేదని నేర్చుకుంటుంది. సరే, ఆవిడ ఉండేది విశాఖపట్నంలో. గట్టు ఉన్నది మా ఊళ్ళో. ఆ గట్టు మీద నా పక్కన నిలబడింది మా బావమరిది.

అతనికి సైకాలజిస్టు గారి ఆదేశాలు వినిపించాను: మాట్లాడవద్దు, చేయి పట్టుకోవద్దు, "ఏమీ కాదులే బావా" అనవద్దు, పక్కన ఉంటే చాలు. కోతల రోజుల్లో కూడా పని మధ్యలో ఆపి వచ్చి సాయంత్రం పూట నాతో అలా నిలబడేవాడు. కూలీలు దూరం నుంచి చూసి, బావా బావమరుదులు పొలం పంపకం దగ్గర మాటలు మానేశారని అనుకున్నారట. దుక్కి దగ్గరకు వచ్చేసరికి మాత్రం అతను ఆదేశం దాటాడు. "నేను ముందు నడుస్తాను, నా అడుగుల్లో అడుగు వేస్తూ రండి బావా" అన్నాడు. పాతరలున్న నేలలో మేము చేసేది సరిగ్గా అదే. ఎవరో నడిచి చూసిన అడుగులోనే అడుగు వేస్తాం. సైకాలజిస్టు గారికి చెబితే ఒప్పుకోలేదు. ఆ అడుగుజాడలే నన్ను కాపాడాయని నమ్మినంతకాలం నేల మీద భయం పోదు, కాబట్టి పక్క సాలులో నడవమనండి అన్నారు. పక్క సాలులో నడిచాడు. ఈ ఏడు తొలకరి దుక్కిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నా అడుగులు నేనే వేశాను. మార్కులు నూరు నుంచి ముప్పైకి దిగాయి. సున్నా కాలేదు, అవుతుందని నాకు ఎవరూ హామీ ఇవ్వలేదు కూడా.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోని ఒక ఉద్యోగికి. ఏటా మేము బతికే ఉన్నామని పింఛను కోసం రుజువు చేసుకోవాలి. ఆ పని మీద వెళ్తే నా ముఖం చూసి "రాత్రి డ్యూటీ చేస్తున్నారా?" అని అడిగారు. అప్పట్లో ఒక సంస్థలో రాత్రి కాపలా చేసేవాడిని. డాక్టరు గారు వద్దన్నా పగటి డ్యూటీ వాళ్ళు ఇవ్వలేదు. ఆ ఉద్యోగి పగటి పని ఉన్న ఖాళీ వెతికి, దరఖాస్తు తానే నింపి, నాచేత సంతకం పెట్టించారు.

ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో మందులిచ్చే ఆవిడకు. మాజీ సైనికుల కోసం 2003లో వచ్చిన ఈ పథకం గుండెకు, కంటికి, మోకాలికి పనికొస్తుందని అందరికీ తెలుసు. మనసుకు కూడా పనికొస్తుందని, పాలీక్లినిక్ డాక్టరు రిఫర్ చేస్తే చాలని నాకు మొదట చెప్పింది ఆవిడే. ఈ మందులు పనిచేయడం మొదలయ్యేందుకు కొన్ని వారాలు పడుతుంది. "గుణం కనిపించలేదని పది రోజులకే ఆపేస్తారు మీవాళ్ళు. గుణం కనిపించాక, తగ్గిపోయిందని మళ్ళీ ఆపేస్తారు. రెండూ చేయకండి" అని చీటీ వెనక రాసి మరీ ఇచ్చారు.

మిలటరీ క్యాంటీన్ కౌంటరులోని తమ్ముడికి. నెలనెలా వచ్చే మద్యం కోటా తీసుకోకపోతే నష్టపోయామనుకునేవాళ్ళం మేము. రమ్ముతో నిద్ర త్వరగా పడుతుంది, నిజమే. నడిరాత్రి లేపేది కూడా అదే. పైగా కలలు ఇంకా పాడుగా వస్తాయి. ఒకసారి సంగతి చెప్పాను, అంతే. అప్పటి నుంచి కందిపప్పు, నూనె, సబ్బులకు బిల్లు వేసి పంపించేస్తాడు, సీసాల మాట ఎత్తడు.

మా వీధి పిల్లలకు. దీపావళికి బాంబు వెలిగించే ముందు "మామయ్యా, పెద్దది!" అని కేక వేసి చెబుతారు. ముందే తెలిస్తే చప్పుడు సగమే. అలా చెప్పమని వాళ్ళకు ఎవరు నేర్పారో తెలియదు, మా అమ్మాయి మీద అనుమానం.

పేరు తెలియని ఒక గొంతుకు కూడా. ఆసుపత్రికి వెళ్ళడానికి ముందు, ఒక చెడ్డ రాత్రి 14416కు ఫోను చేశాను. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ ఫోను. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. సైనికుల కోసం పుణేలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో దీని ప్రత్యేక విభాగాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. ఆ రాత్రి ఫోను ఎత్తినాయన నా సర్వీసు చరిత్ర అడగలేదు. "ఇప్పుడు మీ ఇంట్లో ఇంకెవరున్నారు? వాళ్ళను లేపగలరా?" అని అడిగారు. లేపాను. మాజీ సైనికుల ఇళ్ళలో ఈ నంబరు గోడ మీద రాసి పెట్టుకోవాలని నా అభిప్రాయం. ఇంట్లోని మాజీ సైనికుడి ముందు ఆ మాట ఎలా ఎత్తాలి అనిపిస్తే గ్యాస్ బుకింగ్ నంబరు పక్కన రాయండి.

నేను లేపింది మా ఆవిడను. తన గురించి బయట రాయవద్దంది. రాయక తప్పదంటే మూడు వాక్యాలు దాటవద్దని షరతు పెట్టింది. ఒకటి: నిద్రలో నేను కేక వేసినప్పుడు తట్టి లేపకుండా, దూరంగా నిలబడి లైటు వేసి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ పలకని నా పేరు పెట్టి పిలిచి, ఇది మన ఇల్లు, ఇవాళ ఫలానా వారం అని చెప్పడం ఎవరూ నేర్పకముందే మొదలుపెట్టింది. రెండు: బంధువులు అడిగితే "ఆయనకు మనసు బాగాలేదు, మందులు వాడుతున్నారు" అని బీపీ గురించి చెప్పినంత మామూలుగా, గొంతు తగ్గించకుండా చెప్పింది. మూడు: మా గ్రూపులోని ఇళ్ళ ఆడవాళ్ళందరినీ చేర్చి రాత్రి తొమ్మిదింటికి తానూ ఒక రోల్ కాల్ పెట్టింది, అందులో ఏం మాట్లాడుకుంటారో మాకు చెప్పరు.